బండి మీద చెయ్యి పడింది

మా అన్న క్లైవ్‌కి ఒక జబ్బు ఉంది. ఎదుటివాళ్లు ఏ పని మొదలుపెట్టినా "నీకు రాదులే, ఇటివ్వు" అంటాడు. ఊరగాయ సీసా మూత దగ్గర్నుంచి మా నాన్న అంత్యక్రియల్లో నేను చదవాల్సిన నాలుగు ముక్కల దాకా, అన్నీ లాక్కున్నవాడే. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎప్పుడో నాలుగూ దులిపేసి ఊరుకునేవాళ్లం. మంచివాడు కాబట్టే ఇన్నేళ్లు భరించాం. అందరికంటే ఎక్కువ భరించింది ఆయన పెళ్లాం, మా వదిన థెల్మా. ఈ కథ ఆమెది.

వదిన వాళ్ల నాన్న గాండర్లనే ఆసాముల పొలంలో ట్రాక్టర్ నడిపేవాడు. పదకొండేళ్లప్పుడే కూతుర్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను వెనక నడుస్తూ ఎండుగడ్డి కట్టలు బండికి ఎత్తేవాడు. పదిహేనో ఏట బడి మానేసి ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పనికి వెళ్లింది. ఇరవై మూడో ఏట మా ఇంటి కోడలైంది. పిల్లలిద్దరూ కాస్త ఎదిగాక, నలభయ్యో ఏట, ఊరి పంచాయతీలో గడ్డి కోసే ఉద్యోగంలో చేరింది. క్రికెట్ మైదానం, చర్చి సమాధుల మధ్య, బడి ఆటస్థలం, ఇరవై నాలుగేళ్లు వానలో ఎండలో ఆ గడ్డికోత బండి మీదే కూర్చుంది. ఒకసారి క్రికెట్ జట్టు నాయకుడొకడు గడ్డి ఎత్తు సరిగా లేదని నలుగురి ముందూ గొంతు పెంచాడు. వదిన బండిని సరిగ్గా పిచ్ నడిమధ్య ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికెళ్లి భోంచేసింది. గంటన్నర తర్వాత తీరిగ్గా తిరిగొచ్చేసరికి ఆ మహానుభావుడు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అలాంటి మనిషి మా ఫెర్నింగ్‌హర్స్ట్ ఊరి పన్నెండు గంటల పోటీలో ఇరవై ఏళ్లు చేసిందేమిటయ్యా అంటే, బేకన్ వేయించి రొట్టెల్లో పెట్టి మగవాళ్లకు అందించడం. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం ఎనిమిదికి మొదలై ఆదివారం పొద్దున ఎనిమిదికి ముగుస్తుంది పోటీ. గడ్డి కోసే బండ్లే, మైదానం చుట్టూ తిరుగుతూనే ఉండాలి, కత్తులు మాత్రం విప్పేస్తారు. బండికి ముగ్గురు, వంతులవారీగా నడపాలి. గెలిచినవాడికి రేకు కప్పు, మిగతావాళ్లకు నడుం నొప్పి. అయినా నలభై బండ్లకే చోటు, బయట వేచి ఉన్నవాళ్లు ఇంకో అరవై మంది. వరసగా మూడేళ్లు పోటీ పూర్తి చెయ్యలేని బండికి చోటు ఊడుతుంది. మాది ఇరవై ఏడో నంబరు. రెండేళ్ల కిందట గేర్లు అరిగిపోయి తెల్లవారకముందే ఆగిపోయింది. పోయినేడు మా జట్టులో రెండోవాడు, మాంసం కొట్టు నడిపే కీత్, దాన్ని తిన్నగా తీసుకెళ్లి కాలవలో దించాడు. అంటే ఈ ఏడు ముగింపు గీత దాటకపోతే ఇరవై ఏడో నంబరు వేరేవాళ్లకు పోతుంది, మళ్లీ మా బతుకులో దొరకదు.

పోటీకి ముందు గురువారం మా బండి నడిపేవాళ్లలో మూడో వాడు ఫ్రీజర్ ఎత్తబోయి, నడుం పట్టేసి మంచమెక్కాడు. అన్న పదకొండు మందికి ఫోన్ చేశాడు. అందరికీ ఏదో ఒక పెళ్లి, పేరంటం. వదిన వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, నేను నడుపుతా అంది. అన్న నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆడపడుచునైన నాకే ఒళ్లు మండింది.

"నువ్వు గడ్డి కోస్తావు థెల్మా. ఇది పోటీ" అన్నాడు.

"ఇరవై నాలుగేళ్లు ఆ బండి మీద కూర్చున్నాను. నువ్వు ఏడాదికి నాలుగ్గంటలు కూర్చుంటావు. మనిద్దర్లో ఎవరికి రాదో నువ్వే చెప్పు" అంది వదిన, చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండా.

వేరే దిక్కులేక ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే షరతులు పెట్టాడు. ఆమె వంతులు చిన్నవిగా ఉండాలి, దారి పక్క నుంచి పలక చూపించగానే బండి లోపలికి తెచ్చి దిగిపోవాలి, చివరి గంట మాత్రం కీత్‌దే. అరవై ఆరేళ్ల మనిషి, తుంటి ఎముక మార్పించుకుని మూడేళ్లు కూడా కాలేదు, ఆమె మంచి కోసమేనట. మంచి కోసమే, ఎప్పుడూ మంచి కోసమే.

రాత్రంతా ఎలా గడిచిందో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చలి, బురద, చెవులు చిల్లులు పడే మోత. మగవాళ్లిద్దరూ ఒకటే హడావుడిగా నడిపి రెండుసార్లు దారి అంచున పేర్చిన గడ్డిమోపులకు గుద్దారు. వదిన ఎవరినీ దాటాలని చూడలేదు, ఎక్కడా ఆగనూ లేదు. పొద్దున ఆరింటికి కీత్ చేతులు తిమ్మిరెక్కి వేళ్లు ముడవలేక దిగిపోతే, వదిన మళ్లీ ఎక్కింది. అప్పటికి మేం ఇంకా పోటీలో ఉన్నామంటే అది ఆమె చలవే. ఈ ముక్క అన్నతో అంటే, "అదృష్టం" అన్నాడు.

ఏడింటికి కీత్ చేతులు బాగయ్యాయి. లోపలికి రమ్మని రాసిన పలక నాకిచ్చి, దారి పక్కన నిలబడి చూపించమన్నాడు అన్న. చూపించాను. మొదటిసారి వదిన, ఎవరో బంధువులు కనబడినట్టు, చెయ్యి ఊపి వెళ్లిపోయింది. రెండోసారి అటువైపు చూడనే లేదు. మూడోసారికి అన్న ఓపిక నశించింది. "నీకు పట్టుకోవడం కూడా రాదే లినెట్" అని నా చేతుల్లోంచి పలక లాక్కుని తనే నిలబడ్డాడు. వదిన బండి నెమ్మది చేసి, హెల్మెట్ అద్దం పైకెత్తి, మొగుడికి రెండు వేళ్లు చూపించింది. మా ఊళ్లో ఆ రెండు వేళ్ల అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. అది నమస్కారమైతే కాదు, పచ్చి బూతు. కీత్ టీ తాగుతున్నవాడు కాస్తా పొలమారి దగ్గాడు. నేను మాత్రం లోలోపల పండగ చేసుకున్నాను, దాచుకోవడమెందుకు.

ఏడూ యాభై ఒకటికి, మైదానం అవతలి వైపు, బెల్టు తెగింది. ఇంజను తిరుగుతోంది, చక్రం కదలట్లేదు. వదిన దిగి వంగి చూసి, ఇంజను ఆపేసింది. గీత దాకా మూడు వందల గజాలు, మధ్యలో మా ససెక్స్ సీమ బంకమట్టి, ఒక ఎత్తు. బండి నూట అరవై కిలోలు. ఎనిమిదికి జెండా ఊపాక ఇంకో పావుగంట గడువిస్తారు, ఆ లోపల తోసుకుంటూ వచ్చినా లెక్కలోకి వస్తుంది. కానీ తోయాల్సింది నడిపేవాళ్లు ఒక్కరే. మరొకరి చెయ్యి పడితే, పడిన చోటికి బండిని మళ్లీ వెనక్కి తీసుకెళ్లి అక్కణ్ణించి తోసుకురావాలి.

అన్న గడ్డిమోపుల అవతల నుంచి పరుగెత్తాడు, వెనకాలే నేనూ. ఆయన తిట్లు మైదానమంతా వినబడ్డాయి. మూడుసార్లు పిలిచాను, వచ్చుంటే బెల్టు చూసేవాణ్ణి, ఇరవై ఏళ్ల చోటు పోగొట్టావు అని. వదిన అప్పటికే భుజం ఆనించి తోస్తోంది.

"గంట నుంచీ అది కీచుమంటోంది. నాకు వినబడుతూనే ఉంది" అంది.

"మరి ఎందుకు రాలేదు?"

"వస్తే బెల్టు మార్చేవాడివి. నన్నూ మార్చేవాడివి."

నిజం చెప్పాలంటే తప్పు వదినదే. తెలిసి చేసింది. అది ఆమెకూ తెలుసు కాబట్టే ఇక మాట్లాడకుండా తోసింది. పది గజాలు తోసి ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ తోయడం. మిగతా బండ్లు పక్కనుంచి దూసుకుపోతూ ఆమె మీద బురద చిమ్ముతున్నాయి. ఎనిమిదికి జెండా ఊపారు. మైదానమంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు వినబడింది ఆమె ఊపిరి. చాల్లే వదినా, వదిలెయ్ అని నోటిదాకా వచ్చింది. అన్నానంటే నన్ను జన్మలో క్షమించదని మింగేశాను.

ఎత్తు మొదట్లోకి వచ్చేసరికి ఎనిమిదీ నాలుగు. తుంటి మార్పించుకున్న వైపు కాలు జారింది. మోకాళ్ల మీద పడింది, లేచింది, మళ్లీ తోసింది, మళ్లీ జారింది. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి అటు తిరిగి రేడియోలో ఎవరితోనో మాట్లాడుతోంది. అన్న అటూ ఇటూ చూశాడు. చూసి, గడ్డిమోపు దాటి, వెనక నుంచి బండికి రెండు చేతులూ వేసి ఒక్క తోపు తోశాడు. బండి ఎత్తు మీదికి ఎక్కేసింది.

కాపలా అమ్మాయి చూడలేదు. కీత్ దూరంగా ఉన్నాడు. చూసింది నేనొక్కదాన్నే, నా నోరు నేను తెరిచేదాన్ని కాదు. ఇంకో నూట ఇరవై గజాలు చదునైన నేల, పది నిమిషాల పైనే గడువు. బతికిపోయాం అనుకున్నాను.

వదిన వెనక్కి తిరిగి మొగుడి చేతుల వైపు చూసింది. కోపంగా కూడా కాదు. బండి ముందుకొచ్చి నిలబడి, దాన్ని వీపుతో వెనక్కి నెట్టింది. ఆమె చెమటోడ్చి తెచ్చినదీ, ఆయన తోసినదీ, అంతా జరజరా దిగి మళ్లీ ఎత్తు మొదట్లో ఆగింది.

"పిచ్చి పట్టిందా నీకు? ఎవరూ చూడలేదు కదా" అన్నాడు అన్న.

"నేను చూశాను" అంది. "ఇంకోసారి ముట్టుకున్నావంటే మళ్లీ కిందకి దొర్లిస్తాను. గడువు అయిపోయినా సరే, చోటు పోయినా సరే. చేతులు జేబుల్లో పెట్టుకో."

మా అన్న చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, గడ్డిమోపుల అవతల, పెళ్లాం పక్కనే ఒక్కో అడుగూ నడిచాడు. ఆమె జారినప్పుడల్లా ఆయన మోచేతులు ఎగిరాయి, చేతులు మాత్రం బయటికి రాలేదు. ఈసారి వదిన తిన్నగా తోయలేదు. వాలు పొలంలో దున్నినట్టు ఏటవాలుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు తోస్తూ ఎక్కించింది. ముందే అలా చేసుంటే బాగుండేదని తర్వాత తనే అంది. ఎత్తు ఎక్కేసరికి ఎనిమిదీ పది. ఆ నూట ఇరవై గజాలూ ఎలా వచ్చిందో ఆమెకే గుర్తులేదట. నాకు గుర్తుంది. గీత దగ్గర గడియారం పట్టుకున్న పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముందు చక్రం గీత దాటింది, వెనక చక్రమూ దాటింది, అప్పుడు చూశాడాయన గడియారం. నలభై సెకన్లు మిగిలాయి. పోటీ పూర్తి చేసిన ముప్పై ఒక్క బండ్లలో మాది ముప్పై ఒకటోది. ఇరవై ఏడో నంబరు మాదే.

కీత్ పిచ్చివాడిలా గంతులేశాడు. నేను ఏడ్చాను, సిగ్గేమీ లేదు. వదిన తడిగడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది. అన్న వచ్చి ఆమె తల దగ్గర నిలబడ్డాడు. చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయి.

"సాయం చేద్దామనే థెల్మా" అన్నాడు మెల్లగా.

"తెలుసు. నలభై మూడేళ్లుగా తెలుసు. అదే నా బాధ."

ఆయన, ఇప్పుడేం చెయ్యమంటావు, నీళ్లు తేనా, కుర్చీ తేనా, డాక్టర్ని పిలవనా అని అడిగాడు.

"ఏమీ చెయ్యకు" అంది వదిన. "కూర్చో."

మా అన్న ఆమె పక్కన, ఆ బురదలోనే, కూర్చున్నాడు.