తల యాడ మొలవాలో ఎవరు చెప్తారు

పెనుకొండలో మా అవ్వ ఇంటి వెనక ఒక చేదబావి ఉండేది. ఆ నీళ్ళను అవ్వ పాత చీర ముక్కలో వడగట్టేది. ఒక వేసవిలో ఆ గుడ్డ మీద గోధుమ రంగు పురుగు ఒకటి కనిపించింది. వేలిగోరంత పొడవు, చదునైన ఒళ్ళు, బాణం మొనలాంటి తల, దాని మీద రెండు మెల్లకళ్ళు. నేను బ్లేడు తెచ్చి దాన్ని అడ్డంగా కోసేశాను. అవ్వ నా చేతి మీద ఒకటేసింది.

"ప్రాణమే అది! ఆటబొమ్మ అనుకుంటివా?"

రెండు ముక్కల్నీ నీళ్ళ గ్లాసులో వేసి వంటింటి గూట్లో పెట్టింది. కొన్నాళ్ళకు చూస్తే గ్లాసులో రెండు పురుగులు పాకుతున్నాయి. తోక ముక్కకు కళ్ళతో సహా కొత్త తల వచ్చింది. అవ్వ గ్లాసును వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూసింది.

"తలకాయే లేదు గదే దీనికి. మరి తల ఈడ మొలవాల, తోక ఆడ మొలవాల అని ఎవురు చెప్పింటారు?"

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి నేను జువాలజీ చదివానంటే ఆ మాట వల్లే. ఇప్పుడు హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో అదే చెబుతున్నాను.

అక్కడ నాతో పాటు ఇంకో అమ్మాయి లెక్చరర్‌గా చేరింది. తాడిమర్రి వైపు పల్లె, నాకంటే చిన్నది. ఇద్దరం ఒకే గదిలో అద్దెకున్నాం. నన్ను అక్కా అనేది. సెలవు వస్తే నాతో ధర్మవరం వచ్చేది. మా అమ్మ ఓళిగలు చేస్తే మొదటిది దాని ప్లేట్లోనే పడేది. ఒకరోజు అన్నం తింటూ అవ్వ సంగతి చెప్పాను. అది ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే వింది.

"ఆ బావి ఇంగా ఉండాదా అక్కా?"

ఆదివారం పెనుకొండ వెళ్ళాం. అవ్వ పోయి చాలా కాలమైంది, ఇల్లు ఎవరిదో అయింది. వాళ్ళనడిగి బావి పక్కన తొట్టి కింది తడి రాళ్ళు తిప్పితే, ఆ పురుగులు ఉన్నాయి. క్యాన్లో అదే బావినీళ్ళు పోసుకుని పురుగుల్ని కాలేజీకి తెచ్చుకున్నాం. ల్యాబు మూలన పెట్టి కోడి కార్జం ముక్కలు వేసి పెంచాం.

అవ్వ ప్రశ్నకు జవాబు చాలావరకు పుస్తకాల్లో ఉంది. ఒళ్ళు తెగినచోట కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఒక రకం కబురు తోక వైపు బలంగా ఉంటుంది. అది అణిగినచోట తల మొలుస్తుంది. పక్కపక్క కణాల మధ్య సన్నటి దారులు కూడా ఉంటాయి, కబుర్లు వాటి గుండానూ పోతాయి. ఆ దారుల్ని మూసే మందు ఒకటి తెప్పించి, తల, తోక రెండూ తీసేసిన నడిమి ముక్కల్ని అందులో ఉంచాం. ఎక్కువ భాగం మామూలుగానే పెరిగాయి. ఒక ఉదయం ఆ పిల్ల మైక్రోస్కోపులో చూస్తూ కేక పెట్టింది.

"అక్కా! ఈ పక్క గూడా కండ్లు!"

తోక ఉండాల్సిన చోట రెండో తల. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని గెంతాం. బయటి ల్యాబుల వాళ్ళు ఇలాంటివి ఎప్పుడో చూశారు. మా బావి పురుగులో మేం చూడటం మాకు కొత్త. ఆ పురుగును మళ్ళీ కోసి మంచినీళ్ళలో వేసినా రెండు తలలే వచ్చాయి. మందు లేదు, ఐనా ఒంటికి ఆ మాట గుర్తుంది. ఎట్లా గుర్తుందో వెతుకుతామని ఇద్దరి పేర్లతో రాసి, బెంగళూరులో పరిశోధన సీటుకు కలిసే అడుగుదామని అనుకున్నాం.

వేసవి సెలవులొచ్చాయి. "కరెంటు పోతే ఈ ల్యాబు ఉడికిపోతాది. వీటిని మా ఊర్లో చల్లగా పెట్టుకుంటా, ఇయ్యక్కా" అంది. పురుగుల డబ్బాకు తడి తువ్వాలు చుట్టి నా చేతులతోనే ఇచ్చాను. తరవాత ఫోన్లు తగ్గాయి. "నాయనకు బాగలేదక్కా" అని ఒక మెసేజ్ వచ్చింది. ఆయనకు నయం కావాలని మా అమ్మ చౌడమ్మకు మొక్కుకుంది.

కాలేజీ తెరిచాక మా హెడ్ స్టాఫ్ రూములో ఫోన్ నా ముందు పెట్టాడు. "సూడండి మేడం, మన పిల్ల బెంగళూరులో ఎంత బాగా మాట్లాడిందో! సీటు గూడా ఇచ్చేసినారంట."

వేదిక మీద అది. వెనక తెర మీద మా రెండు తలల పురుగు. ఆ మాత్రం దొంగతనమైతే తట్టుకునేదాన్నేమో. అది నవ్వి, గొంతు కొంచెం తడి చేసుకుని, "పెనుకొండలో మా అవ్వ బావినీళ్ళు చీర ముక్కలో వడగట్టేది" అని మొదలుపెట్టింది. గ్లాసు, గూడు, చేతి మీద దెబ్బ, అన్నీ చెప్పింది. చివరికి అవ్వ ప్రశ్న అవ్వ మాటల్లోనే అడిగింది. హాలంతా చప్పట్లు. స్టాఫ్ రూములో కూడా కొట్టారు.

ఆ వారం ధర్మవరం వెళ్ళి అమ్మకు చూపించాను. అమ్మ చేతిలో పట్టు కండె ఆగిపోయింది.

"ఇది మా అమ్మ మాట గదా! ఆ పిల్లకు పెనుకొండలో అవ్వ యాడుండాది?" కండె మళ్ళీ తిప్పుతూ, "వాళ్ళ నాయనకు బాగయిందంటనా?" అంది.

నేను ఫోన్ తీసి బ్యాగులో వేసుకున్నాను.

రిలీవింగ్ కాగితాలకని అది హిందూపురం వచ్చినప్పుడు క్యాంటీన్లో కూర్చోబెట్టి అడిగాను. ముందు నేల చూసింది.

"నీ పేరు కడాన థ్యాంక్స్‌లో పెట్టినా గదక్కా."

"మా అవ్వను గూడా ఆడే పెట్టింటే పోయేది గదే."

"ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగిన మొదటి మాటే అది. నీకు దీని మింద ఇష్టం ఎట్ల వచ్చిందని. నాకు చెప్పుకునేకి ఏముండాది అక్కా? పరీక్షకు చదివినా, అంతే. నీ కత నోట్లోకి వచ్చేసింది."

"మీ నాయన?"

కాగితాలు బ్యాగులో సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆయనకు ఏమీ కాలేదని అర్థమైంది. టీ తాగకుండానే లేచి బస్టాండు వైపు వెళ్ళిపోయింది. హెడ్‌కు చెప్పాను. "పోనీలెండి మేడం, మన కాలేజీ పేరే గదా" అన్నాడు.

ఈ సంవత్సరం కాలేజీ పిల్లల్ని తీసుకుని మళ్ళీ పెనుకొండ వెళ్ళాను. తొట్టి దగ్గర వంగినప్పుడు ఒకమ్మాయి అడిగింది: "మేడం, మీకు ఈడ ఇవి ఉంటాయని ఎట్ల తెలుసు?"

మా అవ్వ, అనబోయి ఆగాను. వీళ్ళంతా ఆ వీడియో చూసినవాళ్ళే. ఇప్పుడు నేను చెబితే నాదే కాపీ అవుతుంది.

"తడి రాళ్ళ కింద ఉంటాయి, తిప్పి సూడండి" అన్నాను.