కమ్మరి కురుమూర్తి కడుపుమంట

పెద్దమందడి పక్క ఊళ్ళో కమ్మరి కురుమూర్తి అంటే తెలియనివాళ్ళు లేరు. పనిమంతుడు, అందులో అబద్ధం లేదు. ఆయన సాగగొట్టిన నాగలికర్రును రెండోసారి చూసే అవసరమే ఉండేది కాదు. అయితే ఒక్క రోగముండేది. పక్కన ఇంకో పనిమంతుడు కనబడితే ఆయనకు అన్నం సహించదు. నలభై ఐదేళ్ళొచ్చే దాకా ఆ సంగతి ఆయనకే తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది? ఊళ్ళో ఇంకో పనిమంతుడుంటే కదా! రెండో ప్రపంచ లడాయి ముగిసిన మరుసటేడు యోహాను దిగాడు, రోగం బయటపడింది.

యోహాను అంటే ఎవరో పట్నపువాడనుకునేరు. ఊరి దొర దగ్గర జీతమున్న యోసేపు కొడుకే. అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన పాలెంలో పుట్టాడు, మేకలు కాశాడు. మిల్ట్రీలో చేరి నాలుగేళ్ళు లారీలు విప్పి బిగించే పని నేర్చి, ఖాకీ లాగుతో, భుజాన పానాల సంచితో తిరిగొచ్చాడు.

దొర కొట్టంలో ఇనుప చక్రాల ట్రాక్టరొకటి పడి ఉంది. పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలుతో నడిచే బండి. లడాయి రోజుల్లో నూనె దొరక్క ఐదేళ్ళుగా కదల్లేదు. అంతకుముందు దాని చక్రాల పళ్ళు విరిగినా, నీళ్ళడబ్బా కారినా మాటేసింది కురుమూర్తే. కాబట్టి ఆయన లెక్కలో ఆ బండి ఆయనదే. దొర లెక్క వేరే ఉంది.

"మేస్త్రీ, మొత్తం విప్పి బాగు చెయ్. మిరుగు కార్తెకు దున్నాలె. నడిస్తే బండి మీద పెత్తనం నీదే. నడవకుంటే మీ నాయన లెక్క నాగలి పట్టు" అన్నాడు దొర యోహానుతో. తర్వాత ఇటు తిరిగి, "ఒరేయ్ కమ్మరోడా, మేస్త్రీ చెప్పింది చెయ్" అన్నాడు.

మేస్త్రీ అట! ముప్పై ఏళ్ళు కొలిమి ముందు మాడినవాడు ఒరేయ్ అయ్యాడు, మొన్నటి మేకలకాపరి మేస్త్రీ అయ్యాడు. అదీ చాలదన్నట్టు యోహాను "అట్లనే దొరా" అని ఊరుకున్నాడు. చేతులు కట్టుకోలేదు, నీ బాంచను అనలేదు. దొర దాన్ని తప్పు పట్టనూ లేదు. కురుమూర్తి ఆ రాత్రి రొట్టె ముట్టలేదు.

పన్నెండు రోజులు అట్లాగే గడిచాయి. యోహాను పానా అడిగితే అందించడం, వంగిన కమ్మీ ఇస్తే సాపు చేసివ్వడం. వాడి చెయ్యి తడబడితే బాగుండునని చూశాడు. తడబడలేదు దరిద్రపు చెయ్యి! చివరికి కార్బురేటరు ఒక్కటి మిగిలింది. యోహాను దాన్ని విప్పి, ఇత్తడి సామాన్లన్నీ తెల్లగుడ్డ మీద వరసగా పరిచాడు.

"ఇది బండికి ముక్కు మామా. గాలి, నూనె ఈడ్నే కలుస్తయ్. లోపల సూది పట్టనంత సన్నటి తొవ్వలుంటయ్. రేపు వనపర్తికి పోయి పర్మిట్టు పెట్రోలు తెస్త, దాంతోనే కడగాలె. నేనొచ్చెదాంక జర ముట్టకు."

ముట్టకూడదట! ఎవరు ఎవరితో అంటున్నారీ మాట! కురుమూర్తికి ఒళ్ళంతా నిప్పంటుకుంది. మర్నాడు యోహాను అటు పోయాడో లేదో, తెల్లగుడ్డ మూటగట్టి ఇంటికి పట్టుకొచ్చాడు.

"ఇత్తడి సంగతి మాకు జెప్తడా వాడు? తళతళ మెరవాలె, దొర నోరు తెర్వాలె" అన్నాడు పెళ్ళాంతో.

"గింతదానికి పరేషాన్ ఎందుకు? చెంబు తోమినట్టు తోముత" అంది జంగమ్మ. చింతపండు పిసికింది, ఇటుకపొడి అద్దింది, సందుసందునా వేలు పెట్టి రుద్దింది. పొద్దుగూకేలోపల సామానంతా పెళ్ళివారి బిందెల్లా మెరిసింది. తిరిగి కొట్టంలో పరిచాక దొర చూసి "కొత్తదాని లెక్క చేసినవ్‌రా" అన్నాడు. ఆ ఒక్క మాటకు కురుమూర్తి మూడు రొట్టెలు తిన్నాడు.

యోహాను వచ్చి ఆ మెరుపు చూశాడు. మొహంలో రంగు మారింది.

"మామా, నీళ్ళు గిట్ల తగలనియ్యలే గద?"

"చెంబులు తోముకునెటోళ్ళ లెక్క కనబడుతున్నమా? బట్టతో తుడిచిన, గంతే" అని ఆయన ఎగిరిపడ్డాడు.

యోహాను పెద్దమనిషి మాట నమ్మాడు. పెట్రోలుతో కడిగాడు, నోటితో ఊదాడు, బిగించాడు. పెట్రోలుకు చింతపండు కరగదు. లోపలి తొవ్వల్లో పులుసు, ఇటుకపొడి కలిసి గట్టిగా అంటుకుని ఉన్నాయి. ఆ సంగతి వాడికేం తెలుసు!

బేస్తవారం పొద్దున ఊరంతా చేను గట్టు మీద చేరింది. యోహాను హ్యాండిలు తిప్పగానే బండి మోగింది, పిల్లా జెల్లా కేకలేశారు. ఇరవై అడుగులు పోయింది. దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దగ్గి ఆగింది. మూడోసారీ అంతే. కురుమూర్తికి ఆ దగ్గు వింటుంటే చెవుల్లో తేనె పోసినట్టుంది. అయిపోయింది మేస్త్రీతనం, పట్టు బిడ్డా నాగలి అనుకున్నాడు.

యోహాను కార్బురేటరు విప్పి, సన్నబెజ్జం బిళ్ళను అరచేతిలో తట్టాడు. ఎర్రటి పొడి రాలింది. వేలితో నలిపాడు, వాసన చూశాడు. తలెత్తి సూటిగా కురుమూర్తిని చూశాడు. కురుమూర్తి చూపు తిప్పేసుకున్నాడు.

"ఏమైందిరా?" అన్నాడు దొర. 'మేస్త్రీ' అన్న పిలుపు పోయి 'రా' వచ్చింది.

యోహాను చేతులు కట్టుకున్నాడు. "తప్పు నాదే, నీ బాంచను దొరా. సరిగ్గ కడగలే."

"థూ! మిల్ట్రీ పని ఇదేనా? రేపట్నుంచి నాగలి పట్టు!"

కురుమూర్తి గెలిచాడు. ఇంక సంబరపడాలి కదా? ఇంతలో పక్కనున్న రైతు వెంకటన్న నిట్టూర్చాడు. "ఎంత మంచోడు! ఒకల మీదికి నెట్టకుండ ఒప్పుకుండు."

ఆ మాట పుండు మీద కారమైంది. నిజమే, తప్పు కురుమూర్తిదని తెలిసి కూడా యోహాను నోరెత్తలేదు. పనిలో గొప్ప వాడిదే, మంచితనంలోనూ గొప్ప వాడిదేనా? నా తప్పు మీదేసుకుని నాకంటే ఎత్తు పెరుగుతాడా? వీల్లేదు! కురుమూర్తి జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"వాని తప్పు గాదు దొరా, నాదే! వద్దన్నా ఇంటికి తీస్కపోయి చింతపండు, ఇటుకపొడితోని తోమించిన. అడిగితే అబద్ధం చెప్పిన. మసిలే నీళ్ళల్ల ఏస్తే అదంత ఇడుస్తది."

దొర తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేం. కొట్టం గడప తొక్కొద్దన్నాడు, బండి చాయలకు కూడా రావద్దన్నాడు. నీళ్ళు కాచి, ఇత్తడి సామాన్లను అందులో మరగబెట్టి, కొలిమితిత్తితో గాలి కొట్టారు. మధ్యాహ్నానికి ట్రాక్టరు ఆగకుండా నాలుగు సాళ్ళు దున్నింది. పెత్తనం యోహానుకే దక్కింది. ఊరు మాత్రం కురుమూర్తిని మెచ్చుకుంది. ఉన్నదున్నట్టు చెప్పాడు, ధర్మాత్ముడు అన్నారు. ఆ మెప్పు ఆయనకు గొంతు దిగలేదు.

పొద్దువాలాక యోహాను కొలిమి దగ్గరికొచ్చాడు.

"ఎందుకు చెప్పినవ్ మామా? నేనైతే చెప్పకపోతుంటి."

"నీ మంచితనం ఓర్వలేక చెప్పినరా" అన్నాడు కురుమూర్తి. దాచుకునే ఓపిక కూడా లేదు. "నా తప్పు నెత్తినేస్కొని నువ్వు దేవునివైతుంటే చూడలేకపోయిన."

యోహాను ఆయన మొహంలోకి వింతగా చూశాడు.

"మంచితనమా? పాలెపోడు కమ్మరాయన మీద చెప్తే దొర నమ్ముతడా మామా? ఒప్పుకుంటే నాగలితో పోతుండె. నీ పేరెత్తితే వీపు పగులుతుండె. భయపడ్డ, గంతే."

అనేసి పానాల సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. కురుమూర్తి పటకారు పట్టుకుని అట్లాగే కూచున్నాడు. ఇన్ని రోజులుగా ఎవరు తనకంటే ఎత్తున ఉన్నారని కుళ్ళి చచ్చాడో, ఆ మనిషి తన పేరు పలకడానికే భయపడ్డాడు. యోహానును తలుచుకుంటే మొదటిసారి ఆయనకు కడుపు మండలేదు. సిగ్గేసింది.