తెల్లగా వచ్చిన ఫిల్టర్లు

ఆఫీసులో అందరూ ఆయన్ని తూకాలాయన అంటారు. గాలిలో కంటికి కనబడని సన్నటి ధూళిని తూచడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. బిళ్లంత ఫిల్టరును పట్టకారుతో పట్టుకుని, రోజంతా తేమ లేని గదిలో ఉంచి, గాలి పీల్చే యంత్రంలో పెట్టకముందు ఒకసారి, తీశాక ఒకసారి తూచాలి. సరిగ్గా అప్పుడే ఎవడో ఒకడు తలుపు ధడాలున తీసి టీకి వస్తారా అంటాడు. త్రాసు మీద అంకెలు గంతులేస్తాయి, ఆయన బీపీ కూడా.

ఈ నెల విసుగుకు మాత్రం అసలైన కారణమే ఉంది. మనవరాలు చదివే బడి పక్కన లారీల స్టాండు. పిల్లకు దగ్గు తగ్గి చావదు. బడి మేడ మీద పెట్టిన యంత్రం ఈ నెల చూపే లెక్కల్ని బట్టి, స్టాండును అక్కణ్ణించి మార్చాలా వద్దా అనేది రేపటి సమావేశంలో తేలుస్తారు. తీరా చూస్తే పది ఫిల్టర్లూ ఉతికి ఆరేసినట్టు తెల్లగా వచ్చాయి. మూడేసి సార్లు తూచినా అంతే. గాలి బాగుపడిందని పై అధికారి తెగ సంబరపడ్డాడు. లారీలు పొగ మానేసి అత్తరు చల్లుతున్నాయా అని తూకాలాయన పళ్లు నూరుకున్నాడు.

ఉండబట్టలేక బడికెళ్లి మేడెక్కాడు. యంత్రం నెత్తిన నాలుగు మడతల దుప్పటి, చుట్టూ తాడు! మూడు రోజులకోసారి ఫిల్టరు మార్చి ఆఫీసుకు పంపే బాధ్యత బడి వాచ్‌మన్‌ది. అతన్ని కేకేశాడు.

"ఎవరయ్యా దీన్ని కప్పింది?"

"నేనేనండి. మిషన్ మీద ఇంత దుమ్మేంటని పోయిన నెల మీరే కదండీ తిట్టారు. అప్పట్నుంచి ఒక్క రవ్వ పడనివ్వలేదు. వారానికోసారి దుప్పటి కూడా ఉతుకుతున్నా."

తిట్టింది నిజమే. పైపైన తుడిస్తే చాలని చెప్పాల్సింది పోయి, ఎండలో మెట్లెక్కిన చిరాకులో నోటికొచ్చింది అనేసి దిగిపోయాడు. దుప్పటి లాగి చూశాడు. పైవైపు పెనం అడుగులా ఉంది. ఉతుకుల్లో పోయింది పోగా, కావలసిన ధూళి అంతా అక్కడే ఉంది. కానీ కప్పకముందు దాని బరువెంతో ఎవరికి తెలుసు?

ఆఫీసుకొచ్చి పది తూకాలూ లెక్కలోంచి కొట్టేశాడు. యంత్రం చెడిందని రాస్తే సరిపోతుంది కదా అన్నాడు అధికారి. ఆయన వినకుండా, నేను సరిగా చెప్పకపోవడం వల్ల అని కారణం రాసి సంతకం పెట్టాడు. లెక్కలు లేవు కాబట్టి సమావేశం మూడు నెలలు వాయిదా పడింది.

సాయంత్రం ఇంటి దగ్గర మనవరాలు దగ్గుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, లారీలు రేపు వెళ్లిపోతాయన్నావుగా?"

"ఇంకో మూడు నెలలు పడుతుందమ్మా" అన్నాడు.

లోపల ఎవరో తలుపు ధడాలున వేశారు. ఆయన తిట్టబోయి ఆగి, మెల్లగా వేస్తే చాలని చెప్పాడు.