నాన్న బడి కాగితంలో మరో పేరు

నాన్న పోయిన ఏడాదికి నేను రిటైరయ్యాను. ఆ ఖాళీలో మా కుటుంబం గురించి రాసిపెడదామని ఒక నోటుపుస్తకం కొన్నాను. మూడు పేజీలు కూడా నిండలేదు. తాతయ్య దాటి పైకి వెళితే నాకు ఒక్క పేరూ తెలియదు. మా ఇంట్లో చెప్పుకునే కథ ఒకటే. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక తాతయ్య గుమాస్తా ఉద్యోగం చూసుకుని, కృష్ణా జిల్లా నుంచి భార్యాబిడ్డలతో హైదరాబాదు వచ్చారట.

పాత కాగితాలేమైనా ఉంటాయేమోనని అమీర్‌పేటలోని మా ఫ్లాట్‌లో నాన్న బీరువా అంతా దించాను. కరెంటు బిల్లుల కట్ట కింద, ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. అంతా ఉర్దూ. అడుగున గుండ్రటి ముద్ర. నాన్న ఉర్దూ గలగలా మాట్లాడేవారు గానీ, చదవడం వచ్చని ఎప్పుడూ చెప్పలేదు. ఇది ఇంత జాగ్రత్తగా ఎందుకు దాచారు?

మా పెద్దవాళ్లలో మిగిలింది మేనత్త ఒక్కతే. పంజాగుట్టలో తాతయ్య కట్టిన ఇంట్లో కొడుకుతో ఉంటుంది. మర్నాడే వెళ్లి కాగితం ఆవిడ ముందు పెట్టాను. కళ్లజోడు కోసం కూడా వెతకలేదు. చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవన్నీ ఇప్పుడెందుకే? ఎవరడగమన్నారు నిన్ను?"

"ఎవరూ అడగమనలేదు అత్తయ్యా. మన వాళ్ల వివరాలు రాసుకుంటున్నాను."

"రాసుకుని ఏం చేస్తావు? కాఫీ తాగి వెళ్లు."

ఆవిడ వంటింట్లోకి వెళుతూ, పక్కగది తలుపు దగ్గరికి వేసి మరీ వెళ్లింది. ఆ గదిలోనే తాతయ్య పెట్టె ఉంటుంది.

నేను ఇల్లు చేరకముందే, మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే మేనత్త కొడుకు ఫోన్. "ఏంటి వదినా, అమ్మ దగ్గర కాగితాలు అడుగుతున్నావంట? ఇల్లు అమ్మ పేరు మీదుంది. మావయ్య ఏనాడూ వాటా అడగలేదు. తెలుసుగా?"

ఇంటి ఊసు నేనెత్తనే లేదు. అతనే ఎత్తాడు. అప్పటిదాకా నాకు లేని అనుమానం ఆ మెట్ల మీదే మొదలైంది. నిజమే, నాన్న ఎందుకు అడగలేదు?

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో పుస్తకాలు బైండింగ్ చేసే చిన్న షాపుంది. షాపు యజమాని తండ్రి ఉర్దూ మీడియం బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు. పొద్దంతా అక్కడే కూర్చుంటారు. ఆయనకు కాగితం చూపించాను. ముట్టుకోలేదు.

"గిది జమీన్ కాగితమా అమ్మా?"

"తెలియదు సాబ్. చదివి చెప్తారనే తెచ్చాను."

"జమీన్‌ది అయితే నేను చదవ. ఒక్కసారి చదివిన, ఇద్దరన్నదమ్ములు కోర్టుకు పోయిండ్రు. ఇద్దరూ నన్నే సాక్షి అన్నరు." నా ముఖంలోకి పరీక్షగా చూశారు. "నీకు అన్నదమ్ములున్నరా?"

లేరని చెప్పాక గానీ కాగితం అందుకోలేదు. దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఫికర్ లేదు. ఈ పట్నంల బడి కాగితం. పిల్లగాడు నాలుగు పాసై వేరే బడికి పోయిండు, గంతే." ఆ పిల్లవాడి పేరు చదివారు. నాన్న పేరే. పైనున్న సంవత్సరం చెప్పారు. రాష్ట్రం ఏర్పడటానికి చాలా ముందుది. అంటే మా ఇంటి కథ మొదటి వాక్యమే అబద్ధం.

"తండ్రి పేరు..." అని ఆయన ఇంకో పేరు చదివారు. మా ఇంట్లో నేనెన్నడూ వినని పేరు. ఇంటిపేరు కూడా మాది కాదు. "చనిపోయిండని పక్కన రాసిండ్రు. కింద సర్‌పరస్త్ అని ఉంది. అంటే గార్డియన్." అక్కడ ఉన్నది తాతయ్య పేరు.

ఆయన చదవడంలో పొరపాటు ఉందేమో అనుకున్నాను. మనసులో ఇంకా హీనంగా, ఈయన కావాలని ఏదో కల్పిస్తున్నాడేమో అని కూడా అనుకున్నాను. ఫొటో తీసి, ఆ రెండు వరుసలు మాత్రం ఉంచి మిగతాది కత్తిరించి, ఉర్దూ వచ్చిన మా పాత ఆఫీసు స్నేహితురాలికి పంపాను. ఎవరి కాగితమో చెప్పలేదు. పది నిమిషాల్లో అవే రెండు పేర్లు తిరిగి వచ్చాయి.

వారం రోజులు నా బుర్ర ఒకటే లెక్క కట్టింది. నాన్న తాతయ్యకు పుట్టలేదు. ఇల్లు అత్తయ్యకు దక్కింది. అందుకే ఆవిడ తలుపు వేసింది. అందుకే కొడుకు ఫోన్ చేశాడు. సొంత కొడుకు కాదని నాన్నను పక్కకు నెట్టేశారు.

కొడుకు ఆఫీసుకు వెళ్లే వేళ చూసుకుని మళ్లీ పంజాగుట్ట వెళ్లాను. ఈసారి కూర్చోకుండానే ఆ పేరు పైకి చదివాను.

"ఎవరు చదివిపెట్టారే?" అంది అత్తయ్య.

"ఎవరైతేనేం. నాన్నకు వాటా ఇవ్వకపోవడానికి ఇదేనా కారణం?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. లేచి, పక్కగదిలోకి వెళ్లి, పెట్టె తెరిచి, ఒక రూళ్ల కాగితం తెచ్చి నా ఒళ్లో పడేసింది. తాతయ్య రాసుకున్న వీలునామా చిత్తు. ఇల్లు చెరిసగం. "నా కుమారునికి" అన్నచోట కొట్టివేతలు లేవు. అడుగున నాన్న దస్తూరీ, నాలుగు మాటలు: "నాకు వద్దు, చెల్లికే ఉంచండి."

ఆ దస్తూరీ నాన్నదేనా అని నేను కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"చూడు, బాగా చూడు," అంది అత్తయ్య. "ఆ పేరు అమ్మ మొదటాయనది. జ్వరమొచ్చి పోయాడు. మీ నాన్న అప్పటికి ఆరు నెలలవాడు. మా నాన్న అమ్మను చేసుకుంటే ఊళ్లో ఎవరూ గడప తొక్కనివ్వలేదు. ఎవరికీ తెలియని చోటని ఇక్కడికొచ్చారు. బళ్లో నిజం రాయించారు. మిగతా వాళ్లందరికీ ఇంకో కథ చెప్పారు."

"నాన్నకు తెలుసా?"

"పెళ్లికి ముందు అమ్మే చెప్పింది. ఒక పూట అన్నం తినలేదు. మళ్లీ ఆ మాటెత్తలేదు. ఇల్లు వద్దన్నప్పుడు నేను పోట్లాడాను, వింటేగా." ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నువ్వెక్కడ తవ్వి, మీ నాన్న నాకు సొంత అన్నయ్య కాదంటావోనని నా భయం. ఇల్లు కాదే."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. మొదటాయనది ఏ ఊరని అడిగాను. ఊరి పేరు మెల్లగా, అక్షరం అక్షరం పలికి రాయించింది. ఆయన అక్కడి బడిలో పంతులట. అంతకుమించి నాన్నమ్మ ఆవిడకీ చెప్పలేదు. కొడుక్కి ఇవేమీ తెలియవని, వీలునామా ఫొటో తీసుకుంటానంటే మాత్రం ఒప్పుకోలేదు.

అంతలో బయట గేటు చప్పుడైంది. కొడుకు ఏదో మరిచిపోయి తిరిగి వచ్చాడు. అత్తయ్య కాగితం మడిచి దిండు కింద పెట్టేసింది. అతను నన్ను చూశాడు, తల్లి కళ్లు చూశాడు.

"ఏంటి, ఏం మాట్లాడుకుంటున్నారు?"

"ఆవకాయ గురించి," అంది అత్తయ్య.

అతను నమ్మలేదు. చెప్పులు విప్పి, మా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.