ఎస్తేరవ్వ ఇంటి ముందు నేను ఆగలేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ నా వందనాలు. నా పేరు దానియేలు, పెద్దపల్లి దగ్గర ఒక పల్లెలో తాపీ పని చేసుకుని బతికేవాణ్ణి. కిందటేడు కోతల పండుగనాడు మా సంఘం ముందు నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను. అది మన పత్రికలో అచ్చయింది, మీలో కొందరు చదివి నాకు ఫోను చేసి దేవుణ్ణి స్తుతించారు కూడా. ఆ సాక్ష్యంలో సగం అబద్ధం! దానికింద నేను నలిగిన రోజులూ, దేవుడు నన్ను అందులోంచి లాగిన తీరూ చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది, మీ సంఘాల్లోనూ ఉండే ఉంటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇంటి ఆడవాళ్లు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు, శనివారం నాడు సంఘ పెద్ద సంచి పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అది తెస్తాడు. పన్నెండేళ్లు ఆ పని నాదే. ఆ ఇళ్లలో ఎస్తేరవ్వ ఇల్లొకటి. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది, బీడీలు చుట్టి కూతురి పెళ్లి చేసి, ఆ కూతురు సునీత ఖానాపూర్‌లో కూలి పని చేసుకుంటుంటే, తాను మా ఊర్లోనే ఒంటరిగా ఉండేది.

ఎస్తేరవ్వ దగ్గరికి వెళితే అరగంటకు తక్కువ కాదు. బియ్యం ఇచ్చే ముందు కూర్చోమనేది, బల్బు మార్చమనేది, మందు చీటీ చదివి చెప్పమనేది, ఆ వారం ఊర్లో ఎవరికి ఏమైందో అన్నీ అడిగేది. నాకు విసుగు, సహోదరులారా! ఆ విసుగుకు నేను దయ అనే చొక్కా తొడిగాను. ఒక శనివారం నాడు, "అవ్వా, నువ్వు ఇంక బియ్యం ఇయ్యకు, సంఘం నిన్ను మాఫీ చేసింది" అని చెప్పాను. ఆమె చేతిలో బియ్యం సోల అట్లాగే ఉండిపోయింది.

"ఏందిరా దానేలూ, దేవునికి ఇచ్చేది గూడ బందు పెడ్తవా? నేను అంత పనికిరాకుంట పోయిన్నా?" అంది.

నేను నవ్వేసి వచ్చేశాను. కమిటీలో చెబితే అందరూ మేస్త్రీది మెత్తని మనసు అన్నారు, ఆ మాట నాకు ఎంతో తియ్యగా అనిపించింది. ఆనాటి నుంచి ఆమె గడప నేను తొక్కలేదు, నేను తొక్కకపోతే సంఘం నుంచి తొక్కేవాళ్లు ఇంకెవరూ లేరు, ఆమెకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఆదివారం ఆరాధనకు గుడికి రాకపోయినా ఎందుకు రాలేదని అడిగినవాళ్లు లేరు.

వానాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం ఆమె వెనక గుమ్మం దాటబోయి, ఎత్తుగా ఉన్న గడపకు కాలు తట్టుకుని పడింది. తుంటి విరిగింది. లేవలేక, పాక్కుంటూ ఇంటి నడుమ దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. మరునాడు శనివారం నేను సంచి తీసుకుని బండి మీద అదే గల్లీలోకి వెళ్లాను, ఆమె ఇంటికి అటు ఒకటి ఇటు రెండు ఇళ్లలో బియ్యం తీసుకున్నాను. ఆమె తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల నుంచి నేల మీద చెంబు కొట్టిన చప్పుడు వినిపించింది, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. అవ్వ ఇంట్లోనే ఉంది, ఇప్పుడు కనపడితే అరగంట పోతుంది అనుకున్నాను. బండి పోనిచ్చాను.

మధ్యాహ్నం పక్కింటి హసీనా బీ, బట్టలు కుట్టుకునే మనిషి, అరువు తెచ్చుకున్న జల్లెడ ఇచ్చేద్దామని వెళ్లి ఆమెను చూసి కేకలు పెట్టింది. అప్పుడు నేను గుడి దగ్గరున్నాను. పరుగెత్తుకుని వచ్చి, ఎత్తి ఆటోలో పడుకోబెట్టి కరీంనగర్ దవాఖానాకు తీసుకుపోయిందీ, ఆపరేషన్ అయ్యేదాకా అక్కడే ఉన్నదీ నేనే, అంతవరకు నిజం. కానీ కోతల పండుగనాడు నేను ఏం చెప్పాను? ఆ శనివారం గల్లీ దాటి పోతుంటే ఆత్మ నన్ను ప్రేరేపించిందనీ, బండి వెనక్కు తిప్పి తలుపు తీసి చూశాననీ చెప్పాను! హసీనా బీ పేరే ఎత్తలేదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, అందరూ హల్లెలూయా అన్నారు.

కాదని చెప్పడానికి ఎస్తేరవ్వ అక్కడ లేదు. ఎందుకు లేదో అది ఇంకా పెద్ద పాపం. ఆపరేషన్ అయ్యాక సునీత నా దగ్గరికి వచ్చి, "అన్నా, నాది ఒక్క అర్ర ఇల్లు, అమ్మేమో తన ఇంట్లనే ఉంట అంటది. రోజు ఎవలన్న ఒక్కలు పొయ్యి సూస్తె సాలు. సంఘపోల్లు సూస్తరా?" అని అడిగింది. చూస్తామని నేను ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఆ ముసలామె కళ్లు ఎదుర్కొనే ధైర్యం నాకు లేదు, చెంబు చప్పుడు చేసింది ఆమే కదా! అందుకని కుదరదని చెప్పి, కరీంనగర్ అవతల ఉన్న ఒక వృద్ధాశ్రమం నేనే వెతికి, నేనే చేర్పించి వచ్చాను.

ఆ తర్వాత రెండు నెలలకు మా ఊరి రాజవ్వ మంచాన పడింది. ఆమె, ఎస్తేరవ్వ కలిసి నలభై ఏళ్లు ఒకే చాప మీద కూర్చుని బీడీలు చుట్టినవాళ్లు. "ఎస్తేరును ఒక్కపారి తోల్కరాన్రి" అని రాజవ్వ కబురు పెట్టింది. ఆమె ఊర్లోకి వస్తే చెంబు సంగతి బయటపడుతుందని భయపడి, ఎస్తేరవ్వ ప్రయాణం తట్టుకోలేదని నేనే చెప్పాను. నాలుగో రోజు రాజవ్వ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

సహోదరులారా, అప్పటి నుంచి నాకు ప్రార్థన రాలేదు. మోకరిస్తే నోరు మూసుకుపోయేది, ఆదివారం స్తుతి చెప్పమంటే పక్కవాళ్లను చూపించేవాణ్ణి. పక్క ఊరి సంఘంవాళ్లు వచ్చి ఆ సాక్ష్యం మా దగ్గర కూడా చెప్పండి అని పిలిచారు. సరే అని ఒప్పుకున్నాను కూడా, చూడండి నా గుండె ఎంత మొద్దుబారిందో!

ఒకనాడు హసీనా బీ ఇంటి ముందు నుంచి పోతుంటే ఆమె మిషన్ ఆపి పిలిచింది.

"ఏం దానేల్ భాయ్, మీ పేపర్ల నీ ముచ్చట వచ్చిందట గదా! ఆత్మ నీ బండిని ఎనుకకు తిప్పిందట. జల్లెడ పట్టుకొని పోయింది నేనైతి. మీ ఆత్మ ఇల్లు మర్శిపొయ్యి నా దగ్గరికి వచ్చినట్టుంది, జర సక్కగ రాయమను."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"అవ్వ నీ బండి సప్పుడు ఇన్నదట. చెంబుతోని కొట్టిందట. దవాఖానల నాకు చెప్పింది, ఎవ్వలకు చెప్పకని ఒట్టు పెట్టిచ్చుకున్నది. ఎవ్వలకు చెప్పలే. గని నీకన్న చెప్పకుంటె నాకు ముద్ద దిగుతలేదు" అంది.

నేను పనికి వెళ్లలేకపోయాను. దారిలో సగం కట్టి ఉన్న ఒక ఇంట్లో ఇసుక కుప్ప మీద మోకరించాను. నెలల తర్వాత అప్పుడు నోరు తెరుచుకుంది. "ప్రభువా, విన్నాను. ఆ చప్పుడు నేను విన్నాను. విని వెళ్లిపోయాను. నీ పేరు అడ్డం పెట్టుకుని మెప్పు తిన్నాను. నన్ను శిక్షించు, కానీ నన్ను ఇట్లా వదిలెయ్యకు తండ్రీ!" ఇంతే నా ప్రార్థన. లేచి బట్టలకంటిన ఇసుకైనా దులుపుకోకుండా కరీంనగర్ బస్సెక్కాను.

ఆశ్రమంలో ఎస్తేరవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె విని, "నాకు ఎర్కే కొడుకా. నీ సాక్ష్యం ఈడ గూడ సదివిన్రు. మంచిగ రాసినవ్" అంది.

"మరి సంఘంల ఎవ్వలకు ఎందుకు చెప్పలే అవ్వా?"

"చెప్తె నువ్వు సిగ్గుతోని నా మొఖం సూడకపోదువు. చెప్పకున్నా రాకనే పోతివి." నా కన్నీళ్లు చూసి, "ఏడ్సుడు ఆపు. ఈడ అన్నం మంచిగనే పెడ్తరు, అబద్ధమెందుకు చెప్పాలె. గని పొద్దుగాల లేస్తె ఎవ్వల్ని పేరు పెట్టి పిలువాలె? నన్ను నా ఇంటికి తోల్కపో" అంది.

రాజవ్వ సంగతి కూడా చెప్పాను, రానివ్వకుండా చేసింది నేనేనని. ఎస్తేరవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. చివరికి, "గదొక్కటి నువ్వు చెయ్యకపోవాల్సి ఉండె" అంది.

ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "గిదంత ఇప్పుడు తవ్వుడెందుకు మేస్త్రీ, సంఘం ఇజ్జత్ పోతది" అని ఒక పెద్దమనిషి అన్నాడు. పోయేది నా పరువేనని చెప్పి సంచి పాస్టరుగారి చేతికిచ్చి సంఘ పెద్దగా తప్పుకున్నాను. తర్వాత నా చేతులతోనే ఆమె ఇంటి రెండు గడపలు పగలగొట్టి నేల చదును చేశాను, మరుగుదొడ్డిలో కుర్చీలా కూర్చునేది పెట్టాను, మంచం దగ్గర నుంచి అక్కడిదాకా గోడకు ఇనుప పైపు బిగించాను. రెండు రోజుల పని! ఆమెను ఇంట్లో ఉంచడానికి కావాల్సింది ఈ రెండు రోజుల పనీ, రోజుకు ఒక మనిషీ. ఇప్పుడు పొద్దున హసీనా బీ చాయ తీసుకుని వెళుతుంది, సాయంత్రం మా సంఘం ఆడవాళ్లు వంతులు వేసుకుని వెళతారు, సునీత నెలకొకసారి వచ్చి నాలుగు రోజులుంటుంది. కొత్త సంఘ పెద్ద శనివారం వెళ్లి ఆమె దగ్గర కూడా బియ్యం తీసుకుంటాడు, కూర్చుని మాట్లాడి వస్తాడు.

ఎస్తేరవ్వ ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. నాలుగు కాళ్ల వాకరు పట్టుకుని వాకిలి దాకా నడుస్తుంది, గుడి దాకా నడవలేదు, ఇక నడవదని డాక్టరు చెప్పారు. అప్పుడప్పుడు బీడీలు చుట్టిన ఆ చాప పరిపించుకుని దాని పక్కన ఒక్కతే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. అది చూసినప్పుడల్లా నేను తల దించుకుంటాను. దేవుడు నన్ను క్షమించాడు, ఆమె కూడా క్షమించింది, కానీ రాజవ్వను నేను తిరిగి తేలేను.

అయినా నా నోరు తెరిచిన దేవునికే మహిమ! అబద్ధంతో వచ్చిన మెప్పు కింద ఊపిరాడక ఉన్నవాణ్ణి ఆయన బయటికి లాగాడు, ఇప్పుడు నిద్ర పడుతోంది, ప్రార్థన వస్తోంది. ప్రియులారా, మీరు కూడా ఏదైనా దాచుకుని మోస్తుంటే ఆయన దగ్గర దించండి, ఆయన తోసివేయడు. దించాక అక్కడే కూర్చోకండి, మీరు తప్పు చేసిన మనిషి ఇంకా బతికి ఉండగానే లేచి వెళ్లండి. నేను ఒకరి దగ్గరికి వెళ్లగలిగాను, ఇంకొకరి దగ్గరికి ఆలస్యమైపోయింది. మీకు ఆలస్యం కాకుండా ప్రభువు కాపాడును గాక. ఆమేన్.