తాళం వేసిన ఇంట్లో నోడ్‌ను ఆపిందెవరు?

తల్లాడలోని మా ఇంట్లో టీవీ పక్కన నా బిట్‌కాయిన్ నోడ్ ఉంటుంది. లావాదేవీలు నిజమో కాదో ఎవరినీ నమ్మకుండా మనమే సరిచూసుకునే చిన్న కంప్యూటర్ అది. ఈ మధ్య ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూస్తే తరచూ ఆగిపోయి కనిపిస్తోంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటును తిట్టడానికి లేదు. నెట్‌లోంచి ఎవరో చొరబడుతున్నారని పాస్‌వర్డ్‌లు మార్చాను. వైఫై బాగుచేయడానికి వచ్చినాయన దాన్ని అదోలా చూశాడని ఆయన్నీ అనుమానించాను.

ఈ రోజు సెలవు పెట్టి కాపలా కూర్చున్నాను. మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరిమింది. అత్తమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చి టీవీ, వైఫై, నా నోడ్, అన్నిటి ప్లగ్గులూ పీకేశారు.

"అత్తమ్మా, ఏందిది?"

"ఉరుముతుంది, ఇనబడ్తలేదా బిడ్డా? పోయినేడు టీవీ గిట్లనే కాలిపాయె."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే వద్దంటవ్. అందుకే నువ్వొచ్చేలోపు మళ్ల పెడుతున్న."

అలా హఠాత్తుగా పీకితే లోపలి ఫైళ్లు పాడై, అన్నీ మొదటి నుంచి సరిచూసుకోవాలి. అయినా దొంగ దొరికిందని నవ్వొచ్చింది.

"నిన్న ఎండ కాసింది కదా, అయినా ఆగిపోయింది. నిన్నెందుకు పీకిన్రు?" అన్నాను.

అత్తమ్మ నన్ను వింతగా చూశారు.

"నిన్న నేను పర్ణశాల పోలేదా? నీకంటే ముందే బస్సెక్కిన. ఇంటికి తాళమేసింది నువ్వే."

మళ్లీ కొత్త పాస్‌వర్డ్ పెట్టి ఇది రాస్తున్నాను. ఇప్పుడు మీరైతే ఎవరిని అనుమానిస్తారు?