తిమింగలాల చెవి, బాపు చెవి

ఆ శనివారం ఉదయం ఏడు గంటలకు దుకాణంలో ఉన్నవాళ్లం ముగ్గురం: యజమాని సేఠ్, మా బాపు, నేను. ఉన్న వస్తువులు: వంటకు వాడే పెద్ద ఇత్తడి దేగ్చాలు పది, ఇత్తడి చెంబులు పది, చెక్క సుత్తి ఒకటి, నా నోటు పుస్తకం, పాత దుప్పటి. బాపుకు గిన్నెలు కనబడకుండా దుప్పటిని మధ్యలో తెరలా కట్టాను. గల్లీలో మిగతా దుకాణాలు తొమ్మిదింటికి గాని తెరవరు. నాకు కావలసింది ఆ రెండు గంటల నిశ్శబ్దమే.

హైదరాబాదులో నయాపూల్ దాటాక లోపలికి వెళ్లే ఆ గల్లీలో బాపు అప్పటికి ఇరవై ఆరేళ్లుగా సుత్తితో గిన్నెలు కొట్టి తయారుచేస్తున్నాడు. పదేళ్లుగా దానికి తోడు ఇంకో పని కూడా ఆయనదే. సాయంత్రం ఐదింటికి, ఆ రోజు తయారైన గిన్నెలన్నీ వరుసగా పెట్టి ఒక్కొక్కదాన్నీ చెక్క సుత్తితో తట్టి చూసేవాడు. అతుకులో వెంట్రుకంత పగులున్నా మోత మారుతుంది. మంచి గిన్నె మోత సాగుతుంది, పగిలినది చటుక్కున ఆగిపోతుంది. ఆ తేడా పట్టడంలో గల్లీ మొత్తానికీ బాపు మాటే చివరి మాట. కానీ ఆ నెలలో రెండుసార్లు పగిలినవి వదిలేశాడు. అందులో ఒక దేగ్చా పెళ్లివారి పొయ్యి మీదే కారింది.

"ఇంకోసారి గిట్లయితే పాలిష్‌కు కూసోవెడ్త మేస్త్రీ" అన్నాడు సేఠ్. పాలిష్ కొత్తగా చేరినవాళ్లు చేసే పని. బాపు ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. సేఠే నన్ను దారిలో ఆపి చెప్పాడు.

అప్పటికి నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో చేరి ఏడాది అయింది. మా విభాగంలో నీటి అడుగున చప్పుళ్లు పట్టే మైక్రోఫోన్లను సిమెంటు తొట్టిలో ముంచి పరీక్షించేవాళ్లం. నేను అప్పటికి సముద్రం చూడలేదు. మా సీనియర్ ఇంజనీరు దగ్గర సముద్ర జంతువుల వినికిడి మీద కొన్ని వ్యాసాలు ఉండేవి. అడిగి తీసుకుని కార్వాన్‌లోని మా ఇంట్లో కూర్చుని రాసుకునేవాణ్ణి. నీటిలో చప్పుడు గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. పెద్ద తిమింగలాలు మంద్రమైన బొంగురు గొంతుతో చాలా దూరం నుంచి పిలుచుకుంటాయి. ఓడ ప్రొపెల్లర్ల మోత కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది కనుక పిలుపు అందులో మునిగిపోతుంది. తిమింగలం చెవి బాగానే ఉంటుంది, ఓడ వెళ్లిపోతే పిలుపు మళ్లీ వినబడుతుంది.

ఇది చదివి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. బాపు గిన్నెలు తట్టే వేళకు గల్లీలో ఇరవై సుత్తులు మోగుతుంటాయి. గల్లీ మోత ఓడ మోత లాంటిది, బాపు చెవికి ఏమీ కాలేదు. మునిగిపోయేది దేగ్చాల బొంగురు మోతే కనుక సన్నగా మోగే చెంబుల్లో పొరపాటు ఉండదు. ఇదంతా సేఠ్‌కు చెప్పి, గల్లీ మోత లేనప్పుడు బాపును ఒకసారి పరీక్షించి చూద్దామన్నాను.

"మీ బాపు ఏమన్న చేపనా, ఇంజనీర్ సాబ్?" అన్నాడు సేఠ్.

"తిమింగలం చేప కాదు సేఠ్ జీ. పిల్లలకు పాలిచ్చే జంతువు."

"అయితే బర్రె అను. నీళ్లల్ల బర్రె."

"ఏందంటున్నడు?" అని బాపు నన్నడిగాడు. గట్టిగా చెప్పాను.

"బర్రె చెవుల కాడ దినాం సుత్తి కొట్టున్రి, పాలిస్తదా సూద్దం" అన్నాడు బాపు.

సేఠ్ నవ్వి పరీక్షకు ఒప్పుకున్నాడు. పగిలిన గిన్నెలు ఏవో ముందే తెలియాలి. బయట సున్నం పూసి లోపల కిరోసిన్ పోస్తే పగులున్న చోట మరక తేలుతుంది. రోజూ ఇట్లాగే చూడొచ్చు కదా అని నేనంటే సేఠ్ "కిరోసిన్ వాసనొచ్చే చెంబుల నీళ్లు నువ్వు తాగుతవా?" అన్నాడు. పది దేగ్చాల్లో నాలుగు, పది చెంబుల్లో నాలుగు పగిలినవి తీసుకున్నాం. పరీక్ష పద్ధతి కూడా ఆ వ్యాసాల్లోదే: డాల్ఫిన్‌కు ధ్వని వినబడితే ముక్కుతో పలకను తోయడం నేర్పుతారు. అది ఊరికే ఊహించి తోస్తోందేమో తెలియడానికి మధ్యమధ్య ధ్వని ఇవ్వకుండా ఊరుకుంటారు. ఇక్కడ మంచి గిన్నెలు అందుకోసం. తెర ఇవతల నేను ఒక్కొక్కదాన్నీ తడతాను, పగిలినది అనిపిస్తే బాపు తెర పైకి చెయ్యి ఎత్తాలి.

శుక్రవారం సాయంత్రం గల్లీ మోతలోనే ఒకసారి చేశాం. పగిలిన నాలుగు దేగ్చాల్లో రెండు, నాలుగు చెంబుల్లో ఒకటి పట్టాడు. చెంబుల లెక్క నా ఊహకు ఎదురు తిరిగినా, అదీ గల్లీ మోత వల్లేనని సర్దిచెప్పుకున్నాను. ఎన్ని పట్టాడో ఆయనకు చెప్పలేదు. శనివారం ఉదయం గిన్నెల వరుస మార్చి మొదలుపెట్టాను. నాలుగు దేగ్చాలూ పట్టాడు. మంచి గిన్నెకు ఒక్కసారీ చెయ్యి ఎత్తలేదు. సేఠ్ "మస్తు!" అన్నాడు. తర్వాత చెంబులు. మొదటి పగిలినదానికి చెయ్యి లేవలేదు. రెండోదానికీ లేవలేదు. మూడోది పట్టాడు. నాలుగోదానికి దుప్పటి అవతల నుంచి అన్నాడు: "అన్ని ఒక్కతీర్గనే మోగుతున్నయి బిడ్డా."

సోమవారం నోటు పుస్తకం సీనియర్ ఇంజనీరు ముందు పెట్టాను. ఆయన రెండు నిమిషాలు చూసి నా తప్పు చెప్పాడు. చప్పుడు ఇంకో చప్పుడును కప్పడం ఒకటి, చెవినే దెబ్బతీయడం ఇంకొకటి. నేను మొదటిదే చదివి రెండోది మరిచాను. సుత్తి దెబ్బల మోత మనిషి చెవిలో ముందు సన్నని స్వరాలు వినే శక్తిని పాడుచేస్తుంది. అందులో కొంత వట్టి అలసటే, అది విశ్రాంతితో తగ్గుతుంది. మిగతాది తగ్గదు. పెద్ద తిమింగలాల్లో అది ఎంతవరకు జరుగుతుందో ఇంకా ఎవరూ సరిగ్గా కొలవలేదని, తిమింగలాన్ని తెర వెనక కూర్చోబెట్టలేం కదా అని కూడా అన్నాడు.

ఈ మాటలు సేఠ్‌కూ బాపుకూ చెప్పాను. సేఠ్ దేగ్చాల పరీక్షను ఉదయం ఏడింటికి మార్చి బాపు దగ్గరే ఉంచాడు. చెంబులు మాత్రం ఇంకొకరికి ఇచ్చాడు. "ఫికర్ చెయ్యకు మేస్త్రీ, చెవులు బాగైతే అవి గూడ నీయే" అన్నాడు. బాపు తల ఊపాడు. ఆ రోజు నుంచి చెవుల్లో దూది పెట్టుకుని సుత్తి పట్టాడు. గల్లీవాళ్లు "పెండ్లికొడుకు అత్తరు దూది పెట్టిండు" అని ఏడిపించినా తీయలేదు.

తర్వాతి నెల సేఠ్ కూతురి పెళ్లికి దుకాణం తొమ్మిది రోజులు మూశారు. బాపు ఆ తొమ్మిది రోజులూ ఇంట్లోనే ఉన్నాడు. రేడియో కూడా పెట్టనివ్వలేదు. తెరిచే రోజు ఉదయం ఏడింటికి, "చెంబులు వెట్టు" అని తానే దుప్పటి కట్టాడు. పగిలినవి నాలుగు. పట్టినది మళ్లీ ఒకటే.